ఒక్కసారీ బూట్ కాని పాత కెర్నల్

(లినక్స్ వాడేవాళ్ల సమావేశంలో చేసిన ప్రసంగం, మాట్లాడింది మాట్లాడినట్టుగా)

నమస్కారమండి. వెనక వరసకి వినిపిస్తోందా? సరే. లాప్‌టాప్ తెచ్చుకున్నవాళ్లు ఒకసారి టెర్మినల్ తెరిచి ‘ఎల్ఎస్ స్లాష్ బూట్’ కొట్టండి. ‘వీఎంలినజ్’ అని మొదలయ్యే పేర్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. మీకెన్ని? రెండు. మీకు? మూడు. ఆ కిటికీ పక్కన... పదకొండా? (నవ్వులు) మీ సంగతి చివర్లో చూద్దాం. ఒక్కటే ఉన్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఇద్దరు. ఆర్చ్ లినక్స్ అయ్యుంటుంది. అనుకున్నా.

ఆ ఒక్కో ఫైలూ ఒక్కో కెర్నల్, అంటే హార్డ్‌వేర్‌కీ మిగతా ప్రోగ్రాములకీ మధ్య నిలబడే, సిస్టమ్‌కి గుండెలాంటి ప్రోగ్రాము. బ్రౌజర్ అప్‌డేట్ అయితే పాతది పోయి దాని చోట్లో కొత్తది కూర్చుంటుంది. పాత బ్రౌజర్ ఎక్కడుందని ఎవరూ వెతకరు. కెర్నల్ విషయంలో మాత్రం చాలా డిస్ట్రిబ్యూషన్లు, అంటే డెబియన్, ఫెడోరా లాంటి లినక్స్ రకాలు, అలా చెయ్యవు. కొత్తదాన్ని పాతదాని పక్కన పెడతాయి. డెబియన్‌లో, ఉబుంటులో దీనికో చిన్న కిటుకు ఉంది. కెర్నల్ ప్యాకేజీ పేరులోనే వెర్షన్ నంబరు ఉంటుంది. ‘లినక్స్ ఇమేజ్ 6.1.0-13’ ఒక ప్యాకేజీ, ‘లినక్స్ ఇమేజ్ 6.1.0-14’ ఇంకో ప్యాకేజీ. ప్యాకేజీలను పెట్టే, తీసే ఆప్ట్ దృష్టిలో ఆ రెండూ అన్నదమ్ములు కూడా కాదు, ముక్కూమొహం తెలియనివాళ్లు. మరి కొత్తది తనంతట తనే ఎలా వస్తోంది? మెటా ప్యాకేజీ ఒకటుంది కదా, ‘లినక్స్ ఇమేజ్ ఏఎండీ64’ అనో ‘లినక్స్ ఇమేజ్ జెనరిక్’ అనో. దాంట్లో సరుకేం ఉండదు. ‘ప్రస్తుతం నాకు ఫలానా కెర్నల్ కావాలి’ అన్న ఒక్క మాట ఉంటుంది. అప్‌డేట్ వచ్చినప్పుడు ఆ మాట మారుతుంది, దాన్ని పట్టుకుని కొత్త కెర్నల్ వస్తుంది. శుభ్రం చేస్తున్నామనుకుని ఆ మెటా ప్యాకేజీని తీసేసినవాళ్లని చూశాను. ఏ ఎర్రరూ రాదు, అంతా ప్రశాంతంగా ఉంటుంది. ఆరు నెలల తర్వాత చూసుకుంటే కెర్నల్‌కి భద్రతా అప్‌డేట్ ఒక్కటీ రాలేదని తెలుస్తుంది.

పాతదాన్ని ఎందుకు ఉంచుతారో మీకు తెలిసిందే. కొత్తది బూట్ కాకపోతే బూట్ మొదట్లో వచ్చే గ్రబ్ మెనూలో పాతదాన్ని ఎంచుకుని వెనక్కి రావచ్చు. కానీ ఇంకో కారణం ఉంది. అదే మాడ్యూళ్లు, అంటే కెర్నల్‌కి విడిగా తగిలించే డ్రైవర్లలాంటి ముక్కలు. నేను ఎక్కువసేపు చెప్పాలనుకున్నది కూడా దాని గురించే.

కెర్నల్ అంటే స్లాష్ బూట్‌లో కనిపించే ఆ ఒక్క ఫైలు అనుకుంటాం. అది పది, పదిహేను ఎంబీ ఉంటుంది. అసలు బరువు వేరే చోట ఉంది. ‘స్లాష్ లిబ్ స్లాష్ మాడ్యూల్స్’లోకి వెళ్లండి. ఒక్కో కెర్నల్‌కి ఒక్కో ఫోల్డర్, దానిలో వేల కొద్దీ ‘డాట్ కేఓ’ ఫైళ్లు. వైఫై కార్డుకి ఒకటి, సౌండుకి ఒకటి, పెన్‌డ్రైవ్ మీది ఫైల్‌సిస్టమ్‌కి ఒకటి. మీ జన్మలో చూడని టేప్ డ్రైవ్‌కి కూడా ఒకటి ఉంటుంది. ఇవన్నీ బూట్‌లో ఒకేసారి ఎక్కవు. అవసరం పడ్డప్పుడు ఎక్కుతాయి.

పెన్‌డ్రైవ్ పెట్టారనుకోండి. ‘ఫలానా నంబరున్న పరికరం వచ్చింది’ అని కెర్నల్ కేకేస్తుంది. ఆ కేకని పరికరాల సంగతి చూసుకునే యూడెవ్ అందుకుని, మాడ్యూళ్లని ఎక్కించే మోడ్‌ప్రోబ్‌కి చెబుతుంది. మోడ్‌ప్రోబ్ ముందు అడిగేది ఒకటే, ‘ఇప్పుడు నడుస్తున్న కెర్నల్ వెర్షన్ ఏంటి?’ మనం ‘యూనేమ్ మైనస్ ఆర్’ కొడితే వచ్చే జవాబే దానికీ వస్తుంది. ఆ పేరున్న ఫోల్డర్‌లోకి వెళ్తుంది. ‘మాడ్యూల్స్ డాట్ ఎలియాస్’లో ఆ పరికరం నంబరుకి ఏ మాడ్యూల్ రాసుందో చూస్తుంది. ‘మాడ్యూల్స్ డాట్ డెప్’లో దానికి ముందు ఏవి ఎక్కాలో చూసుకుని, వరసగా ఎక్కిస్తుంది. పక్క ఫోల్డర్‌లో అదే పేరున్న మాడ్యూల్ ఉన్నా దాని జోలికి పోదు.

పోనీ మనమే బలవంతంగా పక్క ఫోల్డర్‌లోది ఎక్కిస్తే? కెర్నల్ ఒప్పుకోదు. ఏదో ఒక మాడ్యూల్ మీద ‘మోడ్‌ఇన్ఫో’ కొట్టి చూడండి. కింద ‘వెర్‌మ్యాజిక్’ అని ఒక వరస ఉంటుంది. అది ఏ కెర్నల్ కోసం, ఏ ఏ ఎంపికలతో తయారైందో అందులో ఉంటుంది. ఎక్కించేటప్పుడు కెర్నల్ దాన్ని తనతో పోల్చుకుంటుంది. దీంతోపాటు చాలా డిస్ట్రిబ్యూషన్లలో, మాడ్యూల్ వాడుకునే ఒక్కో ఫంక్షన్‌కీ ఒక్కో చెక్‌సమ్, అంటే సరిపోల్చుకునే అంకె, ఉంటుంది. అది తేడా వచ్చినా బయటికే.

ఇది చాదస్తం కాదు. లినక్స్‌లో బయటి ప్రోగ్రాములకిచ్చిన మాట ఒకటి, లోపలి డ్రైవర్లకిచ్చిన మాట ఇంకొకటి. పాతికేళ్ల కిందటి ప్రోగ్రామైనా కొత్త కెర్నల్ మీద నడవాలని పట్టుబడతారు. లోపలి వ్యవహారంలో మాత్రం ఏ ఫంక్షన్ ఆకారమైనా వచ్చే వెర్షన్‌లో మారిపోవచ్చు. స్థిరమైన లోపలి ఇంటర్‌ఫేస్ ఎందుకు ఇవ్వమో చెబుతూ కెర్నల్ డెవలపర్ గ్రెగ్ క్రోహ్-హార్ట్‌మన్ రాసిన పత్రం కెర్నల్ సోర్సుతోపాటే వస్తుంది. డ్రైవర్‌ని కెర్నల్ సోర్సులోకి తెచ్చి పెట్టండి, మార్పులొచ్చినప్పుడు మేమే సరిచేస్తాం అన్నది వాళ్ల వాదన. బయట ఉన్నవాడి తిప్పలు బయటివాడివే. ఆ తిప్పలకి మళ్లీ వస్తాను.

ఇప్పుడు ఆ ఇద్దరు ఆర్చ్ మిత్రుల దగ్గరికి. ఆర్చ్‌లో కెర్నల్ ప్యాకేజీ పేరు ఉత్త ‘లినక్స్’, వెర్షన్ నంబరు ఉండదు. అప్‌డేట్ అయితే బ్రౌజర్‌లాగే పాతది పోతుంది, దాని మాడ్యూళ్ల ఫోల్డర్ కూడా పోతుంది. కానీ మెమరీలో నడుస్తున్నది ఇంకా పాత కెర్నలే. మామూలుగా అయితే ఏ తేడా తెలియదు, అప్పటికే ఎక్కిన డ్రైవర్లు పనిచేస్తూనే ఉంటాయి. సాయంత్రం ఎవరో పెన్‌డ్రైవ్ ఇస్తారు. పెడితే మౌంట్ కాదు. ‘వీఫ్యాట్ మాడ్యూల్ దొరకలేదు’ అంటుంది. పెన్‌డ్రైవ్ పాడైందేమోనని ఇంకోటి పెట్టి చూస్తారు. చేతులెత్తుతున్నారు చూడండి. (నవ్వులు) రీబూట్ చేస్తే సరిపోతుంది. రీబూట్ దాకా పాత మాడ్యూళ్లని దాచిపెట్టే హుక్, అంటే అప్‌డేట్‌తోపాటు తనంతట తనే నడిచే స్క్రిప్ట్, కూడా ఒకటి దొరుకుతుంది. నా ఉద్దేశంలో ఆర్చ్ వాడేవాళ్లు పక్కన ‘లినక్స్ ఎల్‌టీఎస్’ ప్యాకేజీని, అంటే ఎక్కువకాలం మద్దతుండే కెర్నల్‌ని, కూడా పెట్టుకోవాలి. అప్పుడు ఒకటి చెడితే ఇంకోటి ఉంటుంది.

పక్కపక్కన పెట్టే పద్ధతిలో వేరే చిక్కు. పెట్టుకుంటూ పోతే డిస్కు నిండుతుంది, కాబట్టి పాతవాటిని ఎప్పుడో ఒకప్పుడు తియ్యాలి. ఏవి తియ్యాలో ఒక్కో ప్యాకేజీ మేనేజర్ ఒక్కోలా తేల్చుకుంటుంది. ఫెడోరాలో, రెడ్‌హ్యాట్‌లో డీఎన్‌ఎఫ్‌కి ‘ఇన్‌స్టాల్‌ఓన్లీ లిమిట్’ అని ఒక సెట్టింగ్ ఉంది, మామూలుగా 3. నాలుగోది వస్తే అన్నిటికంటే పాతది పోతుంది. ఆ పాతదే ఇప్పుడు నడుస్తుంటే దాన్ని ముట్టుకోదు. ఓపెన్‌సూసేలో సెట్టింగ్ చదివితేనే అర్థమవుతుంది: ‘లేటెస్ట్, లేటెస్ట్ మైనస్ వన్, రన్నింగ్’. డెబియన్ కుటుంబంలో ‘ఆప్ట్ ఆటోరిమూవ్’ పద్ధతీ దాదాపు అంతే. నడుస్తున్నదాన్నీ, నంబరు ప్రకారం అన్నిటికంటే కొత్తదాన్నీ, దాని వెనకదాన్నీ వదిలేసి మిగతావి తీసెయ్యొచ్చంటుంది.

వింటుంటే ఏ లోపమూ కనిపించదు. చాలా ఏళ్లు నాకూ కనిపించలేదు. నంబరులో వెనకది అంటే మనం నిన్నటిదాకా వాడింది అనుకుంటాం. ఆ రెండూ ఒకటి కావాలని ఎక్కడా లేదు.

2023 డిసెంబరు సంగతి చెబుతాను. డెబియన్ 12 వాడేవాళ్లంతా 6.1.0-13 కెర్నల్ మీద ఉన్నారు. 12.3 విడుదల కోసం 6.1.0-14 వచ్చింది. అది డెబియన్ ప్యాకేజీ నంబరు, లోపల ఉన్న అసలు కెర్నల్ వెర్షన్ 6.1.64. అందులో ఎక్స్ట్4 ఫైల్‌సిస్టమ్‌లో డేటా చెడిపోయే లోపం ఉంది. విడుదలైన కెర్నల్‌కి దిద్దుబాట్లు చేర్చే స్టేబుల్ శాఖలోకి ఒక మార్పు తెచ్చారు, దానికి తోడుగా రావాల్సిన ఇంకో మార్పు రాలేదు. డైరెక్ట్ ఐఓతో, అంటే మధ్యలో క్యాష్ లేకుండా నేరుగా డిస్కుకి, రాసే ప్రోగ్రాముల దగ్గర, రాసే చోటు లెక్క తప్పేది. విషయం బయటపడగానే డెబియన్ వాళ్లు 12.3 ఇమేజ్‌లను ఆపేశారు. డిసెంబరు 10న 12.4 ఇచ్చారు, అందులో 6.1.0-15. ఎక్స్ట్4 బాగైంది. కానీ ఆ 6.1.66లో వైఫై కోడ్‌కి సంబంధించిన వేరే లోపం ఉంది. కొన్ని కార్డులున్న మెషీన్లు ఎక్కడికక్కడ బిగుసుకుపోయేవి. మళ్లీ ఇంకొకటి ఇచ్చారు, 6.1.67.

ఆ రోజుల్లో ఒక లాప్‌టాప్‌ని ఊహించుకోండి. 13 తర్వాత 14, 15 రెండూ పెట్టించుకుని 15లోకి బూట్ అయింది. అన్నిటికంటే కొత్తది 15, నడుస్తున్నదీ 15. దాని వెనకది 14. ఇప్పుడు ఆటోరిమూవ్ కొడితే 13 పోతుంది. వైఫై దగ్గర బిగుసుకుపోయింది, గ్రబ్‌లోకి వెళ్లి ‘పాత కెర్నల్’ ఎంచుకున్నారు. ఏది వస్తుంది? డేటాని చెడగొట్టే 14. నెలల తరబడి బంగారంలా నడిచిన 13 ఇప్పుడు డిస్కులో లేదు. ఆప్ట్ తప్పేం చెయ్యలేదు, తనకు తెలిసిన లెక్క ప్రకారమే చేసింది. ఆ లెక్కలో ‘ఈ మెషీన్ మీద బాగా నడిచింది’ అన్న గడి లేదు, అంతే.

సర్వర్ల దగ్గర ఇది ఇంకా మామూలు. వంద రోజులు రీబూట్ చెయ్యం. ఈలోగా మూడు, నాలుగు కెర్నళ్లు వచ్చి కూర్చుంటాయి. ఒకరోజు రీబూట్ చేస్తే అన్నిటికంటే కొత్తది లేస్తుంది. ఆ రాత్రే ఆటోమేటిక్‌గా శుభ్రం చేసే పని నడుస్తుంది. పొద్దున్నకి మిగిలేవి రెండు: నిన్న మొదటిసారి లేచినది ఒకటి, ఆ మెషీన్ మీద ఒక్కసారి కూడా బూట్ కానిది ఒకటి. వంద రోజులు అన్నం పెట్టినది పోయింది. దీన్ని మనం ‘బ్యాకప్ కెర్నల్ ఉంది’ అని చెప్పుకుంటూ ఉంటాం.

అందుకని నేను చేసేది చెబుతాను. నచ్చితే వాడుకోండి. బాగా నడుస్తున్న కెర్నల్ ప్యాకేజీ పేరుకి ‘ఆప్ట్ మార్క్ మాన్యువల్’ కొడతాను. అప్పుడు అది ‘నేను అడిగి పెట్టుకున్నది’ అవుతుంది, ఆటోరిమూవ్ దాని జోలికి పోదు. కొత్తది ఓ రెండు వారాలు ఏ పేచీ లేకుండా నడిచాక, గుర్తును దాని మీదికి మార్చి పాతదానికి ‘ఆప్ట్ మార్క్ ఆటో’ కొడతాను. ఓపెన్‌సూసేలో అయితే ఆ సెట్టింగ్‌లో ‘లేటెస్ట్’ పక్కనే వెర్షన్ నంబరు కూడా రాసుకోవచ్చు.

దూరంగా ఉన్న సర్వర్‌కి ఇంకో జాగ్రత్త. గ్రబ్ సెట్టింగుల్లో ‘గ్రబ్ డిఫాల్ట్’కి ‘సేవ్డ్’ అని ఇచ్చి, డిఫాల్ట్‌గా పాత కెర్నల్‌నే ఉంచండి. తర్వాత ‘గ్రబ్ రీబూట్’ కమాండ్‌తో కొత్తదాన్ని ఒక్కసారికి మాత్రం ఎంచుకోండి. కెర్నల్ పారామీటర్లలో ‘ప్యానిక్ ఈక్వల్స్ 10’ కలపండి. కొత్తది లేవగానే ప్యానిక్ అయితే, అంటే కోలుకోలేని తప్పుతో ఆగిపోతే, పది సెకన్లలో తనంతట తనే రీబూట్ అయి పాతదానిలోకి వస్తుంది. బిగుసుకుపోతే మాత్రం ఎవరో వెళ్లి పవర్ తీసి పెట్టాలి. అప్పుడు కూడా లేచేది పాతదే. ఫోన్లో అవతలి మనిషికి గ్రబ్ మెనూ ఎలా ఉంటుందో వర్ణించే బాధ తప్పుతుంది. ఆ బాధ పడ్డవాళ్లకే తెలుస్తుంది.

సరే, బయటి డ్రైవర్ల తిప్పలు. ఎన్‌విడియా డ్రైవర్, వర్చువల్‌బాక్స్, జెడ్‌ఎఫ్‌ఎస్, కొన్ని వైఫై చిప్పులు. ఇవి కెర్నల్ సోర్సులో లేనివి. ప్రతి కొత్త కెర్నల్‌కీ వీటిని మళ్లీ కంపైల్ చెయ్యాలి. ఒకప్పుడు మనమే చేతితో చేసేవాళ్లం, మర్చిపోతే నల్ల తెర. డెల్ కంపెనీ ఇంజినీర్లు 2003లో తెచ్చిన డీకేఎంఎస్ ఆ పనిని యంత్రానికి అప్పజెప్పింది. డ్రైవర్ సోర్సు ‘స్లాష్ యూఎస్ఆర్ స్లాష్ ఎస్ఆర్‌సీ’లో ఉంటుంది. కొత్త కెర్నల్ పెట్టగానే ఒక హుక్ పిలిచి దానికోసం మాడ్యూల్‌ని కట్టిస్తుంది. ఫెడోరాలో ఏకేమాడ్స్ అని ఇంకొకటి ఉంది, భావం అదే.

కట్టడానికి ఆ కెర్నల్ హెడర్లు, అంటే దాని ఫంక్షన్ల ఆకారం రాసి ఉండే ఫైళ్లు, కావాలి. డీకేఎంఎస్ విఫలమైందని నా దగ్గరికొచ్చిన వాటిలో సగానికి పైగా ఇదే: కొత్త కెర్నల్ వచ్చింది, హెడర్ల ప్యాకేజీ రాలేదు. హెడర్లకి కూడా మెటా ప్యాకేజీ ఉంటుంది, అది పెట్టుకుంటే రెండూ జంటగా వస్తాయి. మిగిలిన సగంలో కొన్నిటికి మన చేతిలో ఏమీ ఉండదు. 2024 ఫిబ్రవరిలో డెబియన్ 12.5 వచ్చినప్పుడు 6.1.0-18 కెర్నల్ మీద ఎన్‌విడియా మాడ్యూల్ కట్టుబడలేదు. డ్రైవర్ కోడ్‌లో ఎవరూ ఏమీ మార్చలేదు. కెర్నల్ లోపల ఒక చిన్న సహాయక ఫంక్షన్ మారి, జీపీఎల్ అనే లినక్స్ లైసెన్స్ ఉన్న కోడ్‌కి మాత్రమే అనుమతి ఉన్న ఇంకో ఫంక్షన్‌ని పిలవడం మొదలుపెట్టింది. ఎన్‌విడియా డ్రైవర్‌కి ఆ లైసెన్స్ లేదు కాబట్టి లింక్ దగ్గర ఆగిపోయింది. సరిచేసిన డ్రైవర్ ప్యాకేజీ వచ్చేదాకా, పాత కెర్నల్ మీద కూర్చోవడమే దారి. పాతదానికి కట్టిన మాడ్యూల్ దాని ఫోల్డర్‌లో దానికి ఉంది, చెక్కు చెదరలేదు. పక్కపక్కన పెట్టడం వల్ల లాభం అదే.

ఇక్కడ ఒక వింత చూపిస్తాను. పాత కెర్నల్‌ని తీసేసేటప్పుడు ఒక్కోసారి ‘ఫోల్డర్ ఖాళీగా లేదు, అందుకని తియ్యలేదు’ అని ఆప్ట్ కింద అసలు పని చేసే డీపీకేజీ గొణుగుతుంది. చూస్తే ‘స్లాష్ లిబ్ స్లాష్ మాడ్యూల్స్’లో ఎప్పుడో పోయిన కెర్నల్ పేరుతో ఫోల్డర్, అందులో అనాథలా ఒకే ఒక్క ‘డాట్ కేఓ’. ప్యాకేజీ తను తెచ్చినవాటినే తీసుకెళ్తుంది. డీకేఎంఎస్ కట్టినది దాని ఖాతాలో లేదు. కెర్నల్ పోయేటప్పుడు డీకేఎంఎస్ హుక్ నడిస్తే అది కూడా పోతుంది, ఎక్కడో తప్పిపోతే మిగులుతుంది. ఆ కెర్నల్ నిజంగా లేదని తేల్చుకున్నాక ఆ ఫోల్డర్‌ని చేత్తో తీసెయ్యండి. చేత్తో తియ్యమని నేను చెప్పేది ఇదొక్కటే.

ఎందుకంటే చేత్తో తీసి నేను ఒకసారి అనుభవించాను. కంపెనీ పేరొద్దు. స్లాష్ బూట్ వేరే పార్టిషన్, 250 ఎంబీ. ఎవరో చాలా ఏళ్ల కిందట ఇంతే చాలనుకున్నారు, అప్పట్లో చాలేది కూడా. ఇప్పుడు ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌లోకి, అంటే బూట్ మొదట్లో కెర్నల్ వాడుకునే డ్రైవర్ల మూటలోకి, గ్రాఫిక్స్ ఫర్మ్‌వేర్ అంతా వచ్చి పడుతోంది, ఒక్కొక్కటి వంద ఎంబీ దాటినా ఆశ్చర్యపోకండి. కొత్త కెర్నల్ దిగింది, ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ కడుతుండగా జాగా అయిపోయింది. ప్యాకేజీ సగంలో ఆగింది. ఆటోరిమూవ్ కొడితే, పాతది తియ్యకముందే సగంలో ఉన్నదాన్ని పూర్తి చెయ్యబోయి మళ్లీ జాగా లేదని పడిపోతోంది. జాగా కావాలంటే తియ్యాలి, తియ్యాలంటే జాగా కావాలి. రాత్రి రెండు గంటలు, నిద్రమొహం. ‘ఆర్ఎం’ కొట్టి పాత వీఎంలినజ్, పాత ఇనిట్‌ఆర్‌డీ, అంటే ఆ ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ ఫైలు, తీసిపారేశాను. జాగా వచ్చింది, పని అయింది, వెళ్లి పడుకున్నాను.

డీపీకేజీకి ఈ సంగతి తెలియదు కదా. దాని పుస్తకంలో ఆ కెర్నల్ ఇంకా ఉంది. తర్వాత ఏదో ఫర్మ్‌వేర్ ప్యాకేజీ అప్‌డేట్ అయి ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌లన్నీ మళ్లీ కట్టమంది. వీఎంలినజ్ లేని ఆ కెర్నల్‌కి కూడా బుద్ధిగా ఇనిట్‌ఆర్‌డీ కట్టింది. స్లాష్ బూట్ మళ్లీ నిండింది. ఈసారి సగంలో ఆగింది నడుస్తున్న కెర్నల్‌ది.

సరైన పద్ధతి ఇది. ముందు ‘యూనేమ్ మైనస్ ఆర్’ చూసుకోండి. అది కాని, బాగా పాతదైన కెర్నల్ ప్యాకేజీని, దాన్ని పట్టుకుని ఉన్న మాడ్యూళ్ల ప్యాకేజీలతో కలిపి, ఆప్ట్‌తో కాకుండా నేరుగా ‘డీపీకేజీ పర్జ్’తో తియ్యండి. డీపీకేజీ సగంలో ఉన్నవాటి గురించి పట్టించుకోదు. జాగా వచ్చాక ‘ఆప్ట్ మైనస్ ఎఫ్ ఇన్‌స్టాల్’ కొడితే ఆగినది పూర్తవుతుంది.

ప్రశ్నలుంటే అడగండి.

(సభలో ఒకరు: డీకేఎంఎస్ కట్టింది, ఎర్రర్ ఏమీ లేదు, అయినా మాడ్యూల్ ఎక్కట్లేదండి. ‘కీ తిరస్కరించాం’ అన్నట్టు ఏదో వస్తోంది.)

సంతకం చూసి మాత్రమే ఎక్కనిచ్చే సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉందా? ఉంది కదూ. డిస్ట్రిబ్యూషన్ కెర్నల్‌తో వచ్చిన మాడ్యూళ్ల మీద వాళ్ల సంతకం ఉంటుంది. మీ మెషీన్‌లో కట్టిన దానికి మీ కీతో సంతకం పెట్టాలి. ఆ కీని ‘మోక్‌యుటిల్’తో ఇచ్చి, రీబూట్‌లో వచ్చే నీలం తెర మీద ఒప్పుకోవాలి. ఆ నీలం తెర కొన్ని సెకన్లే ఉంటుంది, చాలామంది కంగారుపడి వదిలేస్తారు. కీ ఒకసారి నమోదైతే తర్వాతి కెర్నళ్లకి కూడా అదే సరిపోతుంది.

(ఇంకొకరు: లైవ్‌ప్యాచ్ వాడితే ఈ గొడవంతా ఉండదు కదా?)

కొంత వాయిదా పడుతుంది. లైవ్‌ప్యాచ్ నడుస్తున్న కెర్నల్‌లో లోపమున్న ఫంక్షన్‌ని పక్కకి మళ్లిస్తుంది. ఆ ప్యాచ్ కూడా ఒక మాడ్యూలే, మీరు నడుపుతున్న ఆ కెర్నల్ కోసమే కట్టినది. డిస్కులో కొత్త కెర్నళ్లు మాత్రం దిగుతూనే ఉంటాయి. రీబూట్ ఎంత వాయిదా పడితే, ఒక్కసారీ లేవని కెర్నళ్లు అన్ని పోగవుతాయి. అప్పుడు ఆ మార్క్ మాన్యువల్ సంగతి ఇంకా అవసరం.

(కిటికీ పక్కనున్నవారు: మరి నా పదకొండు?)

ఆ, మీరే! (నవ్వులు) ‘ఆప్ట్ మార్క్ షోమాన్యువల్’ కొట్టి అందులో కెర్నల్ పేర్లు ఎన్నున్నాయో చూడండి. పదకొండూ ఉన్నాయా? ఎప్పుడో ఏదో స్క్రిప్ట్‌తో పేరు పేరునా పెట్టించుకుని ఉంటారు, అందుకే ఆటోరిమూవ్ వాటిని ముట్టుకోవట్లేదు. ఇప్పుడు నడుస్తున్నది ఏది? సరే, దాన్నీ దాని ముందు మీరు నిజంగా వాడిన ఇంకోదాన్నీ వదిలి మిగతా తొమ్మిదికీ ‘మార్క్ ఆటో’ కొట్టండి. ఆగండి, ఆటోరిమూవ్ అప్పుడే వద్దు. ముందు ఆ జాబితా నాకు చూపించండి.